మిషను నేర్చుకున్న ముక్కు

ఆ వంటశాలలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. మేనేజరు దగ్గర్నుంచి గిన్నెలు తోమేవాళ్ళ దాకా అందరికీ ఆయన ముక్కు మావయ్యే. ముక్కు పెద్దదని కాదు. చూడ్డానికి అది మామూలు ముక్కే, చివర కాస్త వంకర కూడా. దాని పనితనం వల్ల వచ్చిన పేరది.

ఊళ్ళోని ఆరు క్యాంటీన్లకి వేపుళ్ళన్నీ ఆ వంటశాల నుంచే వెళ్ళేవి. ఆసుపత్రిలో రోగుల బంధువులు తినేది, కాలేజీ పిల్లలు తినేది, బస్సు డిపోలో డ్రైవర్లు తినేది అన్నీ అక్కడ వేగినవే. పొడుగాటి గది. ఒక గోడ వెంట ఎనిమిది స్టీలు తొట్లు, ఒక్కో దాంట్లో నలభై లీటర్ల నూనె. నాలుగింటిలో బంగాళాదుంప ముక్కలు, రెండింటిలో కోడి ముక్కలు, చివరి రెండూ చేపలవి. ఉదయం ఆరింటికి తొట్లు వేడెక్కుతుంటే మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేవాడు. ఒక్కో తొట్టి మీద వంగి, కళ్ళు మూసుకుని, ఒక్కటంటే ఒక్క పీల్పు. "ఇది ఇంకో రెండ్రోజులు వస్తుంది." "ఇది రేపటిదాకా." "దీన్ని దింపేయండి, దీని పని అయిపోయింది." ముప్పై ఏళ్ళుగా ఆ మాటకి తిరుగులేదు.

ఒకసారి కొత్త నూనె ట్యాంకరు వచ్చింది. మూత తీయగానే మావయ్య, "దీంట్లో పాతది కలిసింది" అన్నాడు. డ్రైవరు ఒట్టు మీద ఒట్టు పెట్టాడు. మావయ్య ఏమీ వాదించలేదు, అలాగే నిలబడ్డాడు. కాసేపటికి డ్రైవరే తల గోక్కుంటూ, కిందటిసారి ట్యాంకు కడగడం మర్చిపోయానని ఒప్పుకుని, ముక్కున వేలేసుకుని వెనక్కి తిరిగాడు. "మీ ఆయన దగ్గర అబద్ధమైనా దాచొచ్చు గానీ మాడిన పాలు దాచలేం కదమ్మా" అని పక్కింటివాళ్ళు ఆయన భార్యతో హాస్యాలాడేవారు.

అలాంటి మనిషికి ఒక చలికాలంలో పదిరోజుల జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది. ఒళ్ళు తేలికపడింది. ఇంకా సెలవే కదా అని ఇంట్లో పొయ్యి పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. భార్య డాబా మీద బట్టలు ఆరేసి కిందికి దిగి, గుమ్మంలోనే ఆగిపోయింది. పొయ్యి మీద పాలు ఇగిరిపోయి, గిన్నె అడుగు నల్లబడి, గదంతా పొగ.

"అయ్యో అయ్యో, పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారండీ!" అంటూ ఆవిడ పొయ్యి కట్టేసింది.

ఆయన పేపరు పక్కన పెట్టి గిన్నె వంక చూశాడు. "నాకు తెలీలేదే" అన్నాడు.

ఆవిడ ముందు నవ్వబోయింది. ఆయన ముఖం చూసి నవ్వలేదు. లోపలికెళ్ళి సబ్బు తెచ్చింది. కాఫీపొడి డబ్బా తెచ్చింది. తలనొప్పికి రాసుకునే మందు సీసా తెచ్చింది. ఒక్కోటీ ఆయన ముక్కు కింద పెట్టి ఆశగా చూసింది. మందు సీసా దగ్గర చల్లగా ఏదో చురుక్కుమంది గానీ వాసనంటూ ఏదీ లేదు. ముక్కుల డాక్టరు లైటేసి చూసి, "కొంతమందికి ఆర్నెల్లలో తిరిగొస్తుంది. కొంతమందికి రాదు. దీనికి మందంటూ లేదు, ఎదురుచూడ్డమే" అన్నాడు.

ఇంటికొచ్చే దారిలో ఆయన భార్యతో ఒకే మాట అన్నాడు. "ఎవరికీ చెప్పకు."

"ఎన్నాళ్ళు దాస్తారు? పోయింది మీ తప్పు కాదు కదా. చెప్పేస్తే ఏమవుతుంది? ఇంకో పని చూపిస్తారు."

"ముక్కు పోయిన ముక్కు మావయ్యని ఎవరే లెక్కచేసేది?"

"మీ ముక్కు ఇక కళ్ళజోడు నిలబెట్టడానికే అనుకోండి" అంది ఆవిడ, ఆయన్ని నవ్వించడానికి. ఆయన నవ్వలేదు.

మర్నాడు వంటశాలకి వెళ్ళి, ఎప్పట్లాగే చేతులు వెనక్కి కట్టుకుని, మొదటి తొట్టి మీద వంగి, కళ్ళు మూసుకుని పీల్చాడు. గాలి వెచ్చగా లోపలికి వెళ్ళింది. అంతే. కళ్ళు తెరిచి నూనె రంగు చూశాడు, ఎన్నిరోజులైందో మనసులో లెక్క వేశాడు, "ఇది ఇంకో రోజు వస్తుంది" అన్నాడు. ఎవరూ మారుమాట్లాడలేదు. వారం తిరిగేసరికి అలా చెప్పడం అలవాటైపోయింది.

ఆ చలికాలంలోనే వంటశాలలో ఇంకో మార్పు వచ్చింది. పైవాళ్ళు ఏదో తెల్లపొడి పంపించారు. రోజూ సాయంత్రం ఆ పొడి పరిచిన గుడ్డలోంచి నూనె వడకడితే, ఎంత నల్లటిదైనా బంగారపు రంగుకి తిరిగొచ్చేది. "చూడు మావయ్యా, ముసలమ్మని పెళ్ళికూతుర్ని చేసినట్టు లేదూ!" అంది చేపలక్క. చేపల తొట్ల దగ్గర పదిహేనేళ్ళుగా ఆమే ఉంటోంది. ఆమె నోటికి తాళం లేదు. మావయ్య కూడా నవ్వాడు. పెళ్ళికూతురి కింద ముసలమ్మ ఎంత ముసలిదో పాత రోజుల్లో ఆయన ముక్కు పట్టేసేది. ఇప్పుడు ఆయనకున్నవి కళ్ళే. ఆ పొడి మోసం చేసేది కళ్ళనే.

మూడు నెలలు గడిచాయి. ఒక సోమవారం ఉదయం భుజాన బరువైన సంచీతో ఒక అమ్మాయి వచ్చింది. వంటశాల నడిపే కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు. సంచీలోంచి రెండు పళ్ళ ఫోర్కులాంటి స్టీలు కడ్డీ తీసింది. రెండు పళ్ళ చివర్లలో ఎదురెదురుగా రెండు బిళ్ళలున్నాయి. వెనకాల వైరు, వైరుకి చిన్న పెట్టె.

"ఏంటమ్మా అది?" అనడిగింది చేపలక్క.

"అల్ట్రాసౌండ్ అక్కా. ఆసుపత్రిలో స్కానింగు చేస్తారే, అలాంటిదే. నూనెకి."

"ఓహో! అయితే మా నూనెకి ఎన్నో నెలో చెప్పు తల్లీ" అని అక్క అనగానే గదంతా గొల్లుమంది. ఇంజనీరమ్మ కూడా నవ్వి, "నెలలు నిండాయో లేదో చెప్పడానికే వచ్చింది అక్కా ఇది. నిండితే దింపేయాలి కదా" అంది. ఆ జవాబుతో ఆ పిల్ల అందరికీ నచ్చేసింది.

మావయ్యకి మాత్రం విడిగా కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. "మన చెవికి వినపడని శబ్దం మావయ్యగారూ. ఈ బిళ్ళ అరుస్తుంది, ఆ బిళ్ళ వింటుంది. కొత్త నూనె పలచగా ఉంటుంది, శబ్దం ఒకలా దాటుతుంది. కాగి కాగి చిక్కబడ్డ నూనెలో వేగం మారుతుంది, దారిలో కొంత నలిగిపోతుంది. అదంతా లెక్కగట్టి ఈ పెట్టె సున్నా నుంచి వంద దాకా ఒక అంకె చూపిస్తుంది, నూనె చిక్కబడేకొద్దీ అంకె పెరుగుతుంది. వాసనతో, రంగుతో దీనికి పని లేదు."

"అంతా అదే చూసుకుంటే ఇంక నేనెందుకు తల్లీ?"

"అసలు మీరే కావాలి. దీనికి వినడం వచ్చు గానీ మంచిచెడ్డలు తెలీవు. ఏ అంకె దగ్గర నూనె పాడైనట్టో మనమే నేర్పాలి. ల్యాబులో రసాయన పరీక్ష చేయించొచ్చు. కానీ అక్కడున్నది ఒక్క కెమిస్టు, ఎన్నని చేస్తాడు? రెండొందల నలభై సీసాలు పోగుచేశాను. ల్యాబువాళ్ళు ముప్పై చేస్తామన్నారు. మొత్తం అన్నిటికీ మీరు వాసన చూసి, బాగుందో, పర్వాలేదో, పారేయాలో చెప్తే, ఆ లెక్కన గీత గీస్తాను."

మావయ్య కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. "నేనా?" అన్నాడు.

"మీరు కాక ఇంకెవరు? మా చీఫ్‌గారు మీ గురించి వినే ఈ వంటశాల ఎంచుకున్నారు."

వారం పాటు వెనకనున్న చిన్న గదిలో కూర్చున్నారు. వేడినీళ్ళ గిన్నెలో సీసాలన్నీ ఒకే వెచ్చదనంతో ఉండేవి. ఆమె ఒక్కోటీ తీసి, ముందు తన ఫోర్కు ముంచి అంకె రాసుకుని, తర్వాత ఆయన చేతికిచ్చేది. మొదటి సీసా అందుకున్నప్పుడు ఆయన చెప్పేద్దామనే అనుకున్నాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నేనొకటి చెప్పాలి తల్లీ..."

"తొందరేం లేదు మావయ్యగారూ. ఎంతసేపు కావాలంటే అంతసేపు తీసుకోండి" అంది ఆమె, కాగితం మీద గళ్ళు గీసుకుంటూ. "ల్యాబు కన్నా మీ మాటే ఖాయం అన్నారు మా చీఫ్‌గారు."

వచ్చిన మాట వచ్చినట్టే వెనక్కి పోయింది. ఆయన సీసాని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏమీ లేని గాలి పీల్చి, తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం కిటికీ వెలుగుకేసి తిప్పాడు. లేత బంగారం రంగు. "బాగుంది" అన్నాడు. ఆమె గడిలో టిక్కు పెట్టింది. ఆయన పక్కన సంతకం పెట్టాడు. ఒకసారి మొదలైన అబద్ధానికి రెండోసారి ఆలోచన అక్కర్లేకపోయింది. నల్లగా ఉంటే పారేయాలి, తేటగా ఉంటే బాగుంది, మధ్యలోవి పర్వాలేదు. సీసాల్లో సగానికి పైగా తెల్లపొడితో వడకట్టిన నూనెలే.

నాలుగోరోజు ఆమె ఒక కాగితం పట్టుకుని వచ్చింది. నుదురు ముడిపడి ఉంది.

"ల్యాబు చేసిన ముప్పైలో ఆరింటి దగ్గర తేడా వస్తోంది మావయ్యగారూ. మీరు బాగుందన్నవాటిని వాళ్ళు పారేయమంటున్నారు. ఈ ఎనభై ఏడో నంబరుది ఇంకోసారి చూస్తారా?"

గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. తలుపు వేసి ఉంది. ఆ పిల్ల కళ్ళల్లో అనుమానం కూడా లేదు, అయోమయం తప్ప. చెప్పాలంటే అంతకన్నా మంచి సమయం ఇంక రాదని ఆయనకి తెలుసు. సీసా అందుకున్నాడు. పీల్చాడు. వెలుగుకేసి తిప్పాడు.

"బాగానే ఉంది తల్లీ."

ఆమె పెన్సిలు తీసి, ల్యాబు ఇచ్చిన ఆరు అంకెల మీద అడ్డంగా గీతలు కొట్టేసింది. "సీసాలు తారుమారయ్యుంటాయి అక్కడ. ముప్పై ఏళ్ళ అనుభవం ముందు ఒక కెమిస్టు ఎంతలే" అంది. ఆ పెన్సిలు చప్పుడు ఆయన ఇంటికెళ్ళే దారంతా వినపడింది.

రెండు నెలలకి మిషన్లొచ్చాయి. ఒక్కో తొట్టికి ఒక్కో కడ్డీ, పైన చిన్న దీపం. అంకె అరవై రెండు దాటేదాకా పచ్చ, దాటితే ఎరుపు. వాటితో పాటు వచ్చిన పుస్తకం మొదటి పేజీలో మావయ్య ఫొటో ఉంది, తొట్టి మీద వంగి కళ్ళు మూసుకున్నది. కింద, ‘ముప్పై ఏళ్ళ అనుభవం, ఇక ప్రతి తొట్టిలో’ అని. ఆ ఒక్క వంటశాలకే కాదు, కంపెనీకున్న నలభై వంటశాలలకీ అవే మిషన్లు, అదే అరవై రెండు. మేనేజరు ఆ పేజీ పెద్దది చేయించి గోడకి తగిలించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మావయ్య భార్య మాత్రం ఇంట్లో ఆ పుస్తకం తిరగేసి, ఫొటో దగ్గర కాసేపు ఆగి, మూసి బల్ల మీద పెట్టేసింది. "చెప్పారా వాళ్ళకి?" అనడిగింది. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

పూర్వం ఆరోరోజుకి దింపేసే నూనెకి ఇప్పుడు పదకొండోరోజున కూడా దీపం పచ్చగానే వెలుగుతోంది. ఒకసారి నూనె మార్చిన ఎనిమిదోరోజున చేపలక్క కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"మావయ్యా, నా తొట్టి కాస్త చూడు. కాటు వాసన కొడుతోంది. పాత తలుపుకి రంగేసినట్టు."

ఆయన వెళ్ళి వంగాడు. వాసన లేదు, కానీ గొంతులో ఏదో గీరినట్టయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దీపం పచ్చగా ఉంది. చుట్టూ నలుగురు చూస్తున్నారు.

"బాగానే ఉందక్కా" అన్నాడు.

"అవునా? నీకే బాగుందంటే ఇంకేంటిలే. నాకే జలుబు చేసుంటుంది." ఆమె ముక్కు చీదుకుని మళ్ళీ జల్లెడ గరిటె అందుకుంది.

ఆ రోజు నుంచి ఆయన తొట్ల దగ్గరే తిరిగాడు. ముక్కు లేకపోతే లేకపోయింది, వేళ్ళున్నాయి కదా అని చల్లారిన చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూశాడు. బంక. తొట్టి గోడల మీద గోకినా రాని పచ్చటి జిగురు. ముక్కలు వేస్తే పెద్ద బుడగలు లేచి ఆరిపోవడం లేదు. సబ్బు నురగలాంటి సన్నటి నురగ లేచి అలాగే నిలబడుతోంది. రాకూడని వేడికే పొగ వస్తోంది. ముప్పై ఏళ్ళలో అలాంటి నూనెని ఆయన ఏనాడూ తొట్టిలో ఉండనివ్వలేదు. తల ఎత్తితే పచ్చదీపం. ఆ దీపానికి అంత ఓర్పు నేర్పింది తనేనని ఆయనకి అప్పుడు అర్థమైంది.

వారపు సెలవునాడు ఆయన రెండు బస్సులు మారి ఇంజనీరమ్మ ఆఫీసుకి వెళ్ళాడు. బల్ల నిండా వైర్లు, సీసాలు. ఆమె సంబరంగా లేచి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"నాకు వాసన రాదు తల్లీ. నువ్వు రాకముందు నుంచీ రాదు. ఆ సీసాలన్నీ రంగు చూసి చెప్పాను."

ఆమె ఏదో హాస్యమనుకుంది. తర్వాత అనుకోలేదు. "కళ్ళు మూసుకోండి" అంది. ఆయన మూసుకున్నాడు. ఏదో డబ్బా మూత తీసిన చప్పుడైంది.

"ఏదైనా పెట్టావా తల్లీ?" అనడిగాడాయన.

కళ్ళు తెరిస్తే, కాఫీపొడి డబ్బా ఆయన ముక్కుకి అంగుళం దూరంలో ఉంది.

ఆ పిల్ల తిట్టి ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది. తిట్టలేదు. కుర్చీలో కూలబడి, "ల్యాబు అంకెలు కొట్టేసింది నేనే కదా" అంది. "ఆ ఆరూ కళ్ళెదురుగా ఉన్నాయి. మిషను కూడా వాటికి ఎక్కువ అంకే చూపించింది. మిషను సరిగ్గానే విందండీ. ల్యాబూ సరిగ్గానే చెప్పింది. నేను వినలేదు." అప్పటికప్పుడు కంప్యూటరు తెరిచి, ఆయన మార్కులన్నీ తీసేసి, ల్యాబువి మాత్రమే పెట్టి లెక్కవేసింది. పారేయాల్సిన గీత ముప్పై ఎనిమిది దగ్గరే వచ్చింది. అరవై రెండు ఎక్కడ, ముప్పై ఎనిమిది ఎక్కడ!

"మార్చేయొచ్చు కదా తల్లీ? ఒక్క అంకే కదా."

"మార్చడం ఒక్క నిమిషం పని మావయ్యగారూ. మార్చే పాస్‌వర్డు నా దగ్గర లేదు. రేపే చీఫ్‌గారికి చెప్తాను. తప్పకుండా చెప్తాను."

చెప్పింది. నాలుగు రోజుల తర్వాత ఫోను చేసింది. గొంతు చాలా మెల్లగా ఉంది. "ముప్పై సీసాలు సరిపోవు, ఇంకా పరీక్షలు కావాలన్నారు. పరీక్షలు వచ్చే ఏడాది చూద్దామన్నారు. అప్పటిదాకా ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నారు. గట్టిగా అడిగాను మావయ్యగారూ. అడిగినందుకు నన్ను పాలు పరీక్షించే మిషను మీదకి మార్చారు."

"నీకేం కాదు కదా తల్లీ?"

"నాకేం కాదు" అని ఆమె ఫోను పెట్టేసింది.

మావయ్య మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. మేనేజరు చెడ్డవాడేమీ కాదు. కుర్చీ చూపించి, చివరిదాకా విన్నాడు.

"అంటే మావయ్యా, అప్పుడు వాసన వస్తుందన్నావు, ఇప్పుడు రాదంటున్నావు."

"అప్పుడు అబద్ధం ఆడాను బాబూ."

"మరి ఇప్పుడు ఆడట్లేదని ఏంటి నమ్మకం?" మేనేజరు కసరలేదు, నిజంగానే అడిగాడు. "రెండొందల నలభై గళ్ళలో నీ సంతకాలున్నాయి. పైవాళ్ళకి నేనేం చెప్పను? ముక్కు మావయ్య మనసు మార్చుకున్నాడనా? ముసలితనం వచ్చింది, మిషను వచ్చాక తనని ఎవరూ పట్టించుకోవట్లేదని ఉక్రోషం అంటారు. ఇప్పటికే ఒకరిద్దరు అన్నారు కూడా. ఊరుకో మావయ్యా. ఎవరికైనా ఏమైనా అయిందా? ఒక్కరు పడిపోయారా?"

ఎవరూ పడిపోలేదు. పాడైన నూనె అలా పడగొట్టదు. ఆసుపత్రి క్యాంటీనులో ఒకావిడ ఛాతీలో మంటని సోడా తాగుతుంది. డిపోలో ఒక డ్రైవరు పొట్ట పట్టుకుని సెలవు పెడతాడు. ఏళ్ళ తర్వాత ఎవరికో ఏదో వస్తుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. చూపించడానికి ఆయన దగ్గర ఒక్క మనిషి కూడా లేడు.

మర్నాడు ఉదయం అందరికన్నా ముందొచ్చి, రెండు చేపల తొట్ల కుళాయిలూ తిప్పేసి నూనె మొత్తం దింపేశాడు. మూడోనాటికి మెకానిక్కు వచ్చి అన్ని కుళాయిలకీ తాళాలు బిగించి వెళ్ళాడు. దీపం ఎరుపైతే తప్ప అవి ఇంక తెరుచుకోవు. మిగతా వంటశాలల్లోనూ అలాగే బిగించారట.

తాళాలు పడిన ఆ రోజే చేపలక్కకి అంతా చెప్పాడు. ఆమె గరిటె కింద పెట్టి వింది. ఆమె కేకలేస్తుందని అనుకున్నాడు. "నాకు వాసన వస్తోందని నీ దగ్గరికొచ్చాను కదా మావయ్యా" అంది. "నా ముక్కుని నేనే నమ్మకుండా చేశావు." రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ నోటికి తాళం పడటం వంటశాలలో అందరికీ వింతగా తోచింది. మూడోరోజు తనే వచ్చి, "ఆరోగ్యశాఖ ఆఫీసు ఒకటుంటుంది కదా, అక్కడ చెబుదాం పద" అంది. ఇద్దరూ వెళ్ళారు. కిటికీ వెనకాల కూర్చున్న గుమాస్తా ఓపిగ్గా అంతా రాసుకుని, చదివి వినిపించి, మావయ్య చేత సంతకం పెట్టించుకుని రశీదు ఇచ్చాడు. ఆయన సంతకం పెడుతూ ఒక క్షణం ఆగాడు. తన సంతకానికి ఇంకా ఏమైనా విలువ ఉందా అని.

నెలన్నరకి ఇంటికి ఉత్తరం వచ్చింది. భార్య కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఫిర్యాదు అందినదనీ, అధికారులు వంటశాలకి వెళ్ళి ఎనిమిది తొట్లూ పరీక్షించారనీ, నూనె నాణ్యత సక్రమంగా ఉన్నదనీ. కింద చిన్న అక్షరాల్లో, పరీక్షించిన పద్ధతి: వంటశాలలో అమర్చిన అల్ట్రాసౌండ్ పరికరం.

"అంటే మిషను బాగుందో లేదో మిషన్నే అడిగొచ్చారన్నమాట" అంది ఆవిడ. ఆయన అవునన్నట్టు తలాడించాడు. ఆవిడ ఉత్తరం మడిచి, "మానేయండి. ఇంట్లో కూర్చోండి. చెప్పాల్సిన చోటల్లా చెప్పారు" అంది.

"మానేస్తే నూనె బాగుపడుతుందా?"

ఆయన మానలేదు. ఉండి చేసిందీ పెద్దగా లేదు. పనులు లేనప్పుడు మంట తగ్గించేవాడు, కాగేకొద్దీ పాడవుతుంది కాబట్టి. రాలిన పొడీ మడ్డీ గంటకోసారి దేవేవాడు. తడి ముక్కలు గుడ్డతో అద్ది గానీ వేయనిచ్చేవాడు కాదు. పొద్దు గూకేలోపు ప్రతి తొట్టికీ మూత వేసేవాడు, గాలి తగలకుండా. చేపలక్కా అవే చేసేది. ఇద్దరూ కలిసి ఎంత పాటుపడినా నూనె పాడవడం ఒక రోజు ఆలస్యమయ్యేదేమో. నలభై వంటశాలల్లో ఒక్కదాంట్లో, ఒక్క రోజు.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వంటశాల ఫోను మోగింది. మేనేజరు ఎత్తి, "మావయ్యా, నీకే. ఎవరో వేరే వంటశాలాయన" అన్నాడు.

అవతల గొంతు పరిచయం లేనిది. "నమస్కారం అన్నా. పుస్తకంలో ఫొటో ఉన్నది మీదేనా?"

"నాదే."

"ముక్కూ మొహం తెలీనివాణ్ణి, విసిగిస్తున్నాననుకోవద్దు. నేనూ తొట్ల దగ్గరే పనిచేస్తాను, పద్దెనిమిదేళ్ళయింది. మా నాలుగో తొట్టి మీద వంగితే గొంతు మండిపోతోంది. నురగ ఆగట్లేదు. దీపమేమో పచ్చ. మావాళ్ళంతా నాకే మతి పోయిందంటున్నారు. మీ మాట మీదే ఆ మిషను చేశారట కదా, అందుకని మిమ్మల్నే అడుగుదామని. తేడా నాలో ఉందా, నూనెలో ఉందా?"

మావయ్య గోడకి ఆనుకున్నాడు. "నీలో ఏ తేడా లేదు తమ్ముడూ. నూనె పాడైంది. నీ ముక్కే సరైనది. మిషనుకి తప్పు నేర్పింది నేను."

అవతల నూనె చిటపటలాడటం వినపడుతోంది. అక్కడ ఇంకా వేపుతూనే ఉన్నారు.

"మరి దింపేద్దామంటే కుళాయి రాదు కదన్నా."

"రాదు."

"ఎవరికి చెప్పాలి?"

తను ఎవరెవరికి చెప్పాడో మావయ్య ఒక్కొక్కరి గురించీ చెప్పాడు. అవతలాయన ప్రతిదానికీ "ఊఁ" కొట్టాడు. ఆ ఊఁ క్రమంగా చిన్నదవుతూ వచ్చింది.

"మంట తగ్గించు" అన్నాడు మావయ్య చివరికి. "మడ్డి దేవుతూ ఉండు. పని లేనప్పుడు మూత వెయ్యి."

"అంతేనా అన్నా?"

"అంతే తమ్ముడూ."

అవతల ఎవరో ఆయన్ని పిలిచారు, కోడి ముక్కలు రెండో విడత అడుగుతున్నారని. "వస్తున్నా" అని ఆయన అటు అరిచి, ఇటు, "సరే అన్నా, ఉంటాను మరి" అన్నాడు. అన్నాడే గానీ వెంటనే పెట్టేయలేదు. మావయ్య కూడా పెట్టలేదు. ఎవరు ముందు పెట్టాలో తెలియనట్టు ఇద్దరూ కాసేపు ఫోన్లు పట్టుకుని అలాగే నిలబడ్డారు.